రెండో వేలు

ఎద్దు వెనకతొడని ఎముక నుంచి విడదీయడానికి డార్లీన్ కుబియాక్‌కి నాలుగు నిమిషాలు పట్టేది. చెయ్యి కుదిరిన రోజున మూడున్నర. విశ్వవిద్యాలయం హాస్టళ్ల వంటశాల కింద, కిటికీల్లేని చల్లటి గదిలో, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమె పని అదే. కత్తి కీలు దగ్గర దించి మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే ఎముక టక్కుమని ఊడివచ్చేది. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆ చప్పుడుకి మొహం తిప్పుకునేవారు. కాసేపటికి వాళ్ల చూపు ఆమె చేతి మీద పడేది. కత్తిని ఆమె మూడు వేళ్లతోనే పట్టుకునేది. కుడిచేతి చివరి రెండు వేళ్లూ బయటికి వంగి, మిగతా చేతితో తమకి సంబంధం లేనట్టు పక్కకి చూస్తుండేవి.

"రంపంలో పడ్డాయా?"

"పోలీసోడి చేతిలో పడ్డాయి. ఆ తొడ ఇటు తోయ్."

పోర్ట్ వెల్చ్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాళ్లు సెమిస్టర్‌కి ఒక కోర్సు ఉచితంగా చదువుకోవచ్చు. ఆ వెసులుబాటుని చాలామంది ఒకటి రెండుసార్లు వాడుకుని వదిలేస్తారు. డార్లీన్ నలభై ఎనిమిదో ఏట మొదలుపెట్టి వదల్లేదు. అసలు డిగ్రీ చరిత్ర. దాని పక్కన మైనర్, అంటే డిగ్రీకి తోడుగా తీసుకునే ఆరు కోర్సుల చిన్న కట్ట. ఆ కట్ట పేరు లైంగికత అధ్యయనం. ఆడవాళ్లని ప్రేమించిన ఆడవాళ్లు, మగవాళ్లని ప్రేమించిన మగవాళ్లు, పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసిన లెక్కలో ఇమడనివాళ్లు ఎలా బతికారు, చట్టం వాళ్లనేం చేసింది, వైద్యులేం చేశారు అన్నది అందులో చెబుతారు. 2012 వసంతానికి డార్లీన్ ఐదు కోర్సులు ముగించింది. ఒకటే మిగిలింది.

ఈ మైనర్ గురించి మా ఊళ్లో రెండు అబద్ధాలు తిరుగుతుంటాయి. అది పిల్లల్ని చెడగొడుతుందని చర్చివాళ్లు అంటారు. అది మనుషుల్ని బాగుచేస్తుందని ఆ విభాగం వాళ్లు అంటారు. నేను చూసినంతలో రెండూ జరగలేదు. పిల్లలు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు, పేరు చెప్పి తమనేమని పిలవాలో చెబుతారు, పాత కోర్టు తీర్పులు చదువుతారు, తలకి కరెంటు పెట్టిన ఆసుపత్రుల కాగితాలు చదివి ఇద్దరు ముగ్గురు ఏడుస్తారు. తర్వాత వెళ్లి భోంచేస్తారు. వాళ్లు తినే మాంసం పొద్దున డార్లీన్ కోసిందే.

ఆ ఆఖరి కోర్సు మొదటిరోజు డార్లీన్ వంతు వచ్చినప్పుడు ఇలా చెప్పింది: "డార్లీన్. మాంసం కోస్తాను. ఏమని పిలిచినా పలుకుతాను, పనివేళలో తప్ప."

తరగతి అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్విన పిల్ల టెస్ అకూనా. వయసు ఇరవై, గుండు తల, చెవులకి ఏడేసి పోగులు. ఆ పిల్లే వేళ్ల సంగతి అడిగింది. డార్లీన్ చెప్పింది: 1972లో యాంకర్ అనే బార్ మీద పోలీసులు దాడి చేశారు. తప్పించుకున్న ఒకామె ఎవరో చెప్పమని తన వేళ్లు విరిచారు.

"మీరు చెప్పారా?"

డార్లీన్ చుట్టూ చూసింది. ఇరవైమంది పిల్లలు ఊపిరి బిగబట్టి ఉన్నారు. "నోరు విప్పలేదు," అంది.

ఆ మాట నెల తిరక్కుండా చొక్కాలకెక్కింది. నల్ల చొక్కా మీద వంకర వేళ్ల చేతి బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో "డార్లీన్ నోరు విప్పలేదు." విద్యార్థి సంఘం వాళ్లు వంద అచ్చు వేయించారు. అవి తొడుక్కుని పిల్లలు భోజనశాల వరసలో నిలబడితే, కింద గదిలోంచి మాంసం బండి తోసుకొచ్చే డార్లీన్ తలదించుకుని పోయేది. పాపం, పొగడ్త అంటే సిగ్గనుకున్నారు.

యాంకర్ గురించి చొక్కా మీద పట్టని సంగతులు చాలా ఉన్నాయి. అది రేవు పక్కన, లంగరు గొలుసులు తయారుచేసే కార్ఖానా వెనక ఉండేది. ఆడవాళ్ల బార్. గుమ్మం దగ్గర కాపలా డార్లీన్‌ది. వయసు ఇరవై రెండు, పగలు కబేళాలో పని. లోపలికి తోసుకురాబోయిన ఓడ పనివాడి దవడ బల్ల కోడుతో పగలగొట్టింది. తను ప్రేమించిన వెర్నాని అదేపనిగా చూస్తున్న ఒక పిల్ల చెంప మీద గాజుగ్లాసుతో కొట్టింది, పదకొండు కుట్లు పడ్డాయి. వెర్నాని కూడా ఒకసారి కొట్టింది. పెదవి చిట్లింది. మర్నాడు మోకాళ్ల మీద నిలబడి క్షమాపణ అడిగింది. యాంకర్‌లో అందరూ దెబ్బలు తిన్నవాళ్లే. ఆ దెబ్బలు వాళ్లకి కొట్టడం నేర్పాయి. అక్కడ దేవతల్ని వెతికేవాళ్లు వేరే వీధి చూసుకోవాలి.

వెర్నా పెల్కీ బడిలో వ్యాయామం పంతులమ్మ. పొట్టిది, గట్టిది, మెడలో ఎప్పుడూ ఈల. నిద్రలో కూడా తీసేది కాదని డార్లీన్ నాతో ఒకసారి అంది. అప్పుడు మాత్రమే ఆమె వంకరలేని నవ్వు చూశాను.

పోలీసుల్లో వాల్ట్ గ్రేబర్ ప్రత్యేకం. ఆడవాళ్ల ఒంటి మీద కనీసం మూడు ఆడబట్టలు ఉండాలని ఊరి నిబంధన ఉండేది. ఆ లెక్క చూడడానికి పన్నెండేళ్ల పాటు ప్రతి శనివారం వచ్చేవాడు. అందర్నీ గోడకి నిలబెట్టి, లాఠీ కొసతో చొక్కాలు ఎత్తి, గట్టిగా లెక్కపెట్టేవాడు. రెండే తేలితే మూడోది లాఠీతో నడుం మీద పడేది. "ఇదిగో, నీ మూడోది," అని నవ్వేవాడు.

ఆ శనివారం పదిహేనుమందిని పట్టుకుపోయారు. వెర్నా వంటింటి కిటికీలోంచి దూకి పారిపోయింది. ఈల బల్ల మీద ఉండిపోయింది. నిద్రలో కూడా తీయని ఈల ఆ పూట ఎందుకు తీసిందో డార్లీన్‌కి ఎప్పటికీ తెలియలేదు. ఆదివారం పొద్దున, సెయింట్ హెడ్విగ్ చర్చి గంటలు మోగుతుండగా, వాల్ట్ డార్లీన్‌ని ఠాణా లాకప్పులోంచి తీసి మెట్ల దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. ఈల ఆమె మొహం ముందు ఊపాడు. "ఈ ఈల ఎవరిదే?" మెట్ల పక్క ఇనప కమ్మీల సందున ఆమె చెయ్యి దూర్చాడు.

సోమవారం బడికి ఫోను వెళ్లింది. మంగళవారం వెర్నా ఉద్యోగం పోయింది. బుధవారం ఆమె ఇద్దరన్నలూ ఇంటికొచ్చారు. తొమ్మిది రోజుల తర్వాత వెర్నా చనిపోయింది. నేలమాళిగ మెట్ల మీంచి జారిపడి, అని జిల్లా దస్తావేజులో రాసుంది. ఇప్పటికీ అదే ఉంది. డార్లీన్ ముప్ఫై రోజుల జైలు ముగించుకుని వచ్చేసరికి సమాధి మీద గడ్డి మొలకెత్తుతోంది.

వెర్నా మెట్ల మీంచి పడలేదని ఒక్కచోటైనా, ఒక్క కాగితం మీదైనా రాసి ఉండాలి. నలభై ఏళ్లు డార్లీన్‌కి ఉన్న కోరిక అదొక్కటే. అన్నలిద్దరూ ఎప్పుడో పోయారు. చూసినవాడు ఒక్కడే మిగిలాడు. ఆ బుధవారం ఆ ఇంటికి వెళ్లి దర్యాప్తు కాగితం రాసినవాడు వాల్ట్ గ్రేబర్.

ఆరో కోర్సులో ఒకటే పని. పాతకాలం మనిషి ఒకర్ని ఎంచుకుని, మాట్లాడించి, రికార్డు చేసి, ఆ మాటలన్నీ కాగితం మీద ఎక్కించాలి. ఆ కాగితాలు చెప్పినవాళ్లకి ఇవ్వాలి. వద్దనుకున్నది వాళ్లు పెన్సిల్‌తో కొట్టేయొచ్చు. తర్వాత సంతకం పెడితేనే టేపు గ్రంథాలయం భాండాగారంలోకి వెళుతుంది. సంతకం లేకపోతే చెరిపేయాలి. చెప్పినవాడి మాట మీద చెప్పినవాడికే హక్కు. ఆ విభాగం వాళ్లు ఈ నియమాన్ని వేదంలా చూస్తారు. పోలీసు ఠాణాల్లో బలవంతంగా రాయించిన వాంగ్మూలాలు చదివి చదివి చేసుకున్న నియమం మరి.

డార్లీన్ తన మనిషి పేరు రాసిచ్చింది. ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ కాగితం రెండుసార్లు చదివింది.

"డార్లీన్, మన సముదాయంలో పెద్దవాళ్లని మాట్లాడించాలని కదా చెప్పింది?"

"ఈయన పెద్దాయనే. డెబ్భై ఎనిమిది."

"ఆయన పోలీసు!"

"పన్నెండేళ్లు ఒక్క శనివారం తప్పకుండా యాంకర్‌కి వచ్చాడు ప్రొఫెసర్. మావాళ్లలో సగంమంది అంత క్రమంగా రాలేదు."

"మీకు హాని చేసిన మనిషి ముందు కూర్చోవడం మీకు మంచిది కాదు."

"ప్రతి శుక్రవారం కూర్చుంటూనే ఉన్నాను. వచ్చి చూడండి కావాలంటే."

అది నిజం. చిన్న ఊళ్ల సంగతి పెద్ద ఊళ్లవాళ్లకి అర్థం కాదు. ఈస్టరు ముందు ఉపవాసాల నలభై రోజుల్లో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సెయింట్ హెడ్విగ్ చర్చి హాల్లో చేపల వేపుడు భోజనం. ఊరంతా వస్తుంది. పొడుగు బల్లలు, కాగితం పళ్లేలు, సరస్సు చేపలు, క్యాబేజీ. వేళ్లు విరిచినవాడూ విరిగిన వేళ్లదీ ఎదురెదురు బల్లల దగ్గర నలభై ఏళ్లుగా తింటున్నారు. ఉప్పు ఇటివ్వమంటే అందించుకున్నారు.

ఆ శుక్రవారం డార్లీన్ తన పళ్లెం తీసుకెళ్లి వాల్ట్ ముందు కూర్చుంది. మనిషి ఎండిపోయాడు గానీ భుజాలు ఇంకా తలుపంత ఉన్నాయి. పక్కన కర్ర ఆనించి ఉంది.

"ఏమే కుబియాక్. ఏమే అనాలా, ఏరా అనాలా నిన్ను? ఇప్పుడు యూనివర్సిటీలో అడిగి పిలవాలంట కదా."

"నువ్వెలా పిలిచినా అలవాటే. నీతో మాట్లాడాలి వాల్ట్. రికార్డు చేస్తాను."

"దేనికి?"

"చదువుకి. పాత రోజుల గురించి చెప్పాలి. యాంకర్, దాడులు, అన్నీ."

వాల్ట్ చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. తృప్తిగా నవ్వాడు. నలభై ఏళ్లలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ముసలి పోలీసుకి అంతకంటే పెద్ద ఆకలి ఉండదు.

"మైకు పెడతావా?"

"పెడతాను."

"చొక్కాకి తగిలించేదా? టీవీలో లాగా?"

"ఆ. చొక్కాకే."

భోజనాలయ్యాక, రెండింటికి, చర్చి పిల్లలకి బైబిలు పాఠాలు చెప్పే చిన్న గదిలో కూర్చున్నారు. గోడ నిండా రంగు పెన్సిళ్ల గొర్రెలు. చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనేలా ఇద్దరూ. మైకు చొక్కాకి తగిలించాక వాల్ట్ గొంతు సవరించుకుని తన పుట్టిన తేదీతో సహా మొదలుపెట్టాడు. అరగంట సరస్సు, చేపలు, చలికాలాలు. డార్లీన్ ఆపలేదు. మాంసం కోసేవాళ్లకి ఆ ఓపిక ఉంటుంది. కీలు దొరికేదాకా కత్తి తోయకూడదు.

"డెబ్భై రెండు ఆదివారం," అంది చివరికి. "మెట్ల దగ్గర."

"ఓ, నీ వేళ్లా! ఇలా తే." చెయ్యి చాపాడు. డార్లీన్ ఇచ్చింది. వంకర వేళ్లు తన రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పిల్లాడికి ముడి వేయడం నేర్పుతున్నట్టు చూపించాడు. "కమ్మీ ఇక్కడ. వేలు ఇలా. కిందికి లాగితే విరగదు, పక్కకి లాగాలి. మొదటిదానికి నువ్వు కుక్కలా అరిచావు గానీ పేరు చెప్పలేదు. గట్టిపిండమే అనుకున్నాను."

"రెండోదానికి చెప్పాను."

"రెండోదానికా?" వాల్ట్ నవ్వాడు. పళ్ల సెట్టు కదిలింది. "రెండోది పట్టుకున్నానో లేదో చెప్పేశావు. వెర్నా పెల్కీ, వెర్నా పెల్కీ, వెర్నా పెల్కీ. మూడుసార్లు. బడి పేరుతో సహా. నేను అడగలేదు కూడా బడి పేరు."

డార్లీన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నలభై ఏళ్లుగా ఆమె మోసుకు తిరుగుతున్నది ఇంకో లెక్క. చొక్కాల అబద్ధం సరే, అది పిల్లల కోసం. తన కోసం దాచుకున్నది వేరు. రెండు వేళ్లూ విరిగాక చెప్పాను, అందరూ చెబుతారు, ఎముకకీ ఒక హద్దుంటుంది అన్నది ఆ లెక్క. దాని మీదే నిద్రపోయేది.

"చెప్పేస్తే మరి రెండోది ఎందుకు విరిచావు?"

"మొదలుపెట్టిన పని," అన్నాడు వాల్ట్.

గోడ మీద గొర్రెలు అలాగే ఉన్నాయి. మైకు ఎర్రదీపం వెలుగుతోంది.

"బుధవారం చెప్పు. వెర్నా ఇల్లు."

అతను అదీ చెప్పాడు, అదే గొంతుతో. వెళ్లేసరికి అన్నలిద్దరూ పెరట్లో నీళ్ల గొట్టం కింద, కారు చక్రాల బోల్టులు విప్పే ఇనపకమ్మీ కడుగుతున్నారు. నీళ్లు ఎర్రగా పోతున్నాయి. లోపల వంటింట్లో ఆమె. దవడ ఒకవైపుకి పోయింది, ఒక కన్ను లేదు. నేలమాళిగ మెట్లకీ ఆమెకీ మధ్య ఒక గది దూరం. "ఊపిరి ఉంది. నావైపు చూసింది ఉన్న కన్నుతో. పెద్దన్న నాతో చదువుకున్నాడు. 'వాల్ట్, పడిపోయింది,' అన్నాడు. పడిపోయిందని రాశాను. అంబులెన్సుకి గంట తర్వాత చెప్పాను. ఏం చేస్తాం, అయినా ఆ మొహంతో ఆ పిల్ల ఎవరికి కావాలి? నీక్కూడా అక్కర్లేకపోను—"

డార్లీన్ కొట్టింది. కుడిచేత్తో, వంకర వేళ్లతోనే పిడికిలి బిగించి, కూర్చున్నచోటు నుంచే నోటి మీద కొట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఎద్దులు ఎత్తిన భుజం అది. చిన్న కుర్చీ వెనక్కి విరిగింది. వాల్ట్ గోడకి కొట్టుకుని గొర్రెల కింద జారాడు. పళ్ల సెట్టు నేల మీద దొర్లి బల్ల కాలికి తగిలి ఆగింది. పెదవి నుంచి రక్తం చొక్కా మీదికి, మైకు మీదికి కారింది.

ఆమె అతని మీద నిలబడింది. కర్ర ఆమె చేతికి ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. బోసినోటితో, రక్తంలోంచి నవ్వుతున్నాడు.

"అదిగో. అదిగో నా కుబియాక్. కొట్టవే. ఇంకోటి కొట్టు. చదువుకుని చెడిపోయావనుకున్నాను."

ఆమె కర్ర కింద పెట్టింది. పళ్ల సెట్టు తీసి, కుళాయి కింద కడిగి, అతని చేతిలో పెట్టింది. తర్వాత మైకు ఆపింది.

మాటలన్నీ కాగితం మీద ఎక్కించడానికి పది రోజులు పట్టింది. మూడు వేళ్లతో టైపు. దెబ్బ చప్పుడు వచ్చినచోట ఏం రాయాలో తెలియక "కొట్టాను" అని రాసింది. తర్వాతి శుక్రవారం చేపల భోజనంలో కాగితాలు వాల్ట్ ముందు పెట్టింది. ఆ పై శుక్రవారం అతను తిరిగిచ్చాడు. పెదవి మీద మచ్చ మిగిలింది. కాగితాలు పెన్సిల్ గీతలతో నల్లబడ్డాయి.

"మనవడు జూన్‌లో పోలీసుల్లో చేరుతున్నాడు," అన్నాడు. "చొక్కాకి బ్యాడ్జి నేనే పెడతాను. వాడు ఇలాంటివి వినక్కర్లేదు. మెట్లు కొట్టేశాను. పెల్కీ ఇల్లు కొట్టేశాను. నన్ను ఆడది పడగొట్టిన ముక్క కూడా కొట్టేశాను, అది వింటే నవ్వుతాడు." కాగితం తిప్పాడు. "చూడు, నువ్వు అడక్కుండానే, నీది కూడా కొట్టేశాను. పేరు చెప్పిన ముక్క. మీ పిల్లలు వేసుకు తిరుగుతున్నారుగా చొక్కాలు. చూశాను. బావున్నాయి."

డార్లీన్ కాగితాలు చూసింది. మిగిలినవి చేపలూ చలికాలాలూ.

"ఇలాగే అయితే సంతకం పెడతాను. నీ డిగ్రీ నీకు. లేదా మొత్తం చెరిపించేయ్. నీ రూలే కదా అది." క్యాబేజీ గిన్నె ఆమెవైపు జరిపాడు. "తిను. చల్లారిపోతోంది."

దెబ్బలు తినడం ఆమెకి అలవాటు. జాలి తినడం ఇదే మొదలు. అతను వేసిన దెబ్బలన్నింటిలో ఇదే గట్టిదని ఆమె నాతో అంది.

సోమవారం కోతగదిలో ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి కత్తి కీలు తప్పింది. ఎడమచేతికి ఉక్కు గొలుసు తొడుగు ఉంది కాబట్టి వేలు మిగిలింది. కత్తి కొస విరిగి మాంసంలో ఉండిపోయింది. దాన్ని వెతుకుతూ తొడ మొత్తం ముక్కలు ముక్కలుగా కోసింది. దొరికాక చేతులు కడుక్కుని, రక్తం కోటుతోనే మూడంతస్తులు ఎక్కి లిండ్‌క్విస్ట్ గది తలుపు తట్టింది.

"చెరిపేద్దాం ప్రొఫెసర్. ఉన్నదున్నట్టుగా అయితే ఆయన సంతకం పెట్టడు."

లిండ్‌క్విస్ట్‌కి ఏం జరిగిందో తెలియదు. టేపు వినలేదు, సంతకం లేకుండా వినకూడదు. "అయితే ఈ కోర్సు ఫెయిలవుతారు, మీకు తెలుసు కదా? మైనర్ కూడా రాదు."

"తెలుసు." డార్లీన్ రికార్డరు బల్ల మీద పెట్టి, తనే బొత్తాం నొక్కింది. వాల్ట్ పుట్టిన తేదీ నుంచి "ఇంకోటి కొట్టు" దాకా అంతా పోయింది. "ఇప్పుడు ఇంకో టేపు పెట్టించండి. ఈసారి చెప్పేది నేను."

"ఆయన చెప్పింది మీరు చెప్పడానికి వీల్లేదు డార్లీన్. ఆయన ఒప్పుకోలేదు."

"టేపు ఆయనది. చెరిపాను. నా చెవులు నావి. ఆయన నోటి మాట నా చెవిలో పడింది, దానికి ఆయన సంతకం అక్కర్లేదు."

లిండ్‌క్విస్ట్ నియమాల కాగితం తీసి మొదటినుంచి చివరిదాకా చదివింది. చెవుల గురించి అందులో ఏమీ లేదు. "ఆయన పేరు వాడతారా?"

"ఆయన పేరు, నా పేరు, వెర్నా పేరు. మూడూ."

మాట్లాడించే పని టెస్ అకూనాకి పడింది, ఆ పిల్ల తనే అడిగి తీసుకుంది. బుధవారం పొద్దున పదింటికి భాండాగారం పక్కగదిలో కూర్చున్నారు. టెస్ ఆ నల్ల చొక్కా వేసుకొచ్చింది. పాపం, గౌరవం కొద్దీ. మొదటి గంట వరకూ కళ్లు మెరుస్తూ విన్నది. "నోరు విప్పలేదని మీకు అబద్ధం చెప్పాను," అని డార్లీన్ అన్నప్పుడు పెన్ను ఆగింది. కాసేపటికి గది వేడిగా ఉన్నా కోటు జిప్పు మెడదాకా లాక్కుంది.

"కాసేపు ఆపమంటారా?" అంది టెస్.

"నువ్వు ఆపాలనుకుంటే ఆపు. నేను ఆపను."

గ్లాసుతో కొట్టిన పిల్ల గురించి చెప్పింది. వెర్నా పెదవి గురించి చెప్పింది. కమ్మీ, ఈల, బడి పేరు. పెరట్లో గొట్టం. ఉన్న ఒక్క కన్ను. అంబులెన్సు ముందు గంట. వాల్ట్‌ని కొట్టిందీ చెప్పింది. కర్ర ఎత్తిందీ, కొట్టాలనిపించిందీ. చివర్లో టెస్ ఒక ప్రశ్న రాసుకున్నది చదవబోయి, కాగితం మడిచేసి, లేచి బయటికి పోయింది. మొహం కడుక్కుని వచ్చేసరికి డార్లీన్ అదే కుర్చీలో, చేతులు బల్ల మీద పెట్టుకుని ఉంది.

"ఆమెని మీరే చంపించారు," అంది టెస్, నిలబడే.

"సగం. ఆ ముక్క కూడా టైపు చెయ్యి, నువ్వన్నావని."

చెప్పినదాన్ని డార్లీన్ ఆ తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. ఆ వసంతంలో భోజనశాల వరసలో చొక్కాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. సంఘం గోడ మీది బొమ్మ ఎవరో తీసేశారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆమె బండి తోసుకొస్తే వరస వదిలి వెళ్లారు. ఒకతను మాత్రం వెతికి వెతికి కోతగదికి దిగొచ్చి, గుమ్మంలోంచి ఆమె చేతివైపు చూసి వెళ్లిపోయాడు. ముసలాయన్ని కొట్టినందుకు వంటశాల పెద్దలు పిలిచి రెండు వారాలు పనికి రావద్దన్నారు. కోర్సు ఫెయిల్. మైనర్ రాలేదు. చరిత్ర డిగ్రీ వచ్చింది, తీసుకోవడానికి వెళ్లలేదు. శుక్రవారాలు చేపల హాలుకి మాత్రం వెళ్లింది. వాల్ట్ బల్ల మార్చాడు.

మే మొదటివారంలో టెస్ కాగితాలు తెచ్చి కోతగది గుమ్మంలో ఇచ్చింది. ఎనభై నాలుగు పేజీలు. పక్కన పెన్సిల్. "ఏదైనా కొట్టేయాలంటే కొట్టేయొచ్చు. మీ హక్కు," అంది నేలవైపు చూస్తూ.

డార్లీన్ కోటు మీద చేతులు తుడుచుకుని, తొడలు వేలాడే కొక్కేల కింద స్టూలు మీద కూర్చుని, మొదటినుంచి చదివింది. టెస్ నిలబడే ఉంది. గంటన్నర. అరవై పేజీల దాకా ఒక్క గీతా పడలేదు. అరవై ఒకటో పేజీ దగ్గర పెన్సిల్ ఆగింది. అక్కడ టెస్, టేపులో లేని మాట ఒకటి, తనే పెట్టింది. "రెండో వేలు విరిచాక పేరు చెప్పాను" అని ఉంది.

డార్లీన్ తలెత్తి చూసింది. ఆ పిల్ల చూపు తిప్పుకుంది.

మూడు వేళ్లతో పెన్సిల్ పట్టుకుని, "విరిచాక" కొట్టేసి, పైన "విరవకముందే" అని రాసింది. మిగతా పేజీలు చదివి, చివర్న సంతకం పెట్టింది.